జుట్టు బిళ్ళ

ఆ రిపోర్టు నా చేతుల మీదుగానే వెళ్ళింది. కింద సంతకం డాక్టరుగారిదే కావచ్చు. కానీ సూది గుచ్చింది నేను, పసుపు మూత ట్యూబు మెల్లగా అయిదుసార్లు తిప్పింది నేను, గడ్డకట్టేదాకా అరగంట ఆగి సెంట్రిఫ్యూజ్‌లో వేసింది నేను, మెషిన్‌కి ఎక్కించిందీ నేనే. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పని చెయ్యమని తరిమే హార్మోను, 0.02. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోను, 3.9. మా ల్యాబులో టీఎస్‌హెచ్ 0.4 నుంచి 4 లోపు, ఫ్రీ టీ4 0.8 నుంచి 1.8 లోపు ఉంటే మామూలు. ఒకటి పాతాళంలో, ఇంకొకటి ఆకాశంలో. అలా ఉంటే ఎవరైనా చెప్పేది ఒకటే, థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని, మా భాషలో హైపర్ అని.

పిల్లకి 24 ఏళ్ళు. జుట్టు ఊడిపోతోందని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. సూదికి ముందు టోర్నికే పట్టీ కట్టేటప్పుడు పట్టుకున్న చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. చల్లగా, పొడిగా ఉంది. హైపర్ ఉన్నవాళ్ళ చెయ్యి అలా ఉండదు. వెచ్చగా ఉంటుంది, అరచేతిలో చెమ్మ తెలుస్తుంది, వేళ్ళు సన్నగా వణుకుతుంటాయి. 1993 నుంచీ చేతులు పట్టుకుంటున్నదాన్ని, ఆ సాయంత్రం మెషిన్ మీద అంకె చూసినప్పుడు లోపల ఏదో కలుక్కుమంది కూడా. అయినా కంట్రోల్స్, అంటే మెషిన్‌ని సరిచూడ్డానికి ముందుగా ఎక్కించే అంకె తెలిసిన శాంపిళ్ళు, బాగానే ఉన్నాయి కదా, నాకెందుకని పంపించేశాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ కౌంటరు దగ్గర నిలబడింది. ‘ఏటమ్మా, పిల్లకి థైరాయిడ్డంట? ఆదివారం సూపులున్నాయి. ఆల్లకి తెలిస్తే ఏటవుద్ది?’ అంది. ఏం చెప్పను. ‘ముందు డాక్టరుగారికి చూపించండి పిన్నీ’ అన్నాను.

అదృష్టం బాగుండి ఆ డాక్టరుగారు కాగితం కంటే ముందు నాడి పట్టుకునే పాతకాలం మనిషి. నిమిషానికి 72. కళ్ళు చూశారు, మెడ తడిమారు, బరువు అడిగారు. రెండు నెలల్లో కిలో పెరిగిందట. అప్పుడు ల్యాబుకి ఫోన్ చేసి, ‘ఈ పిల్లా, ఈ కాగితమూ ఒకరివి కావు. ట్యూబులు మారాయేమో చూడండి’ అన్నారు.

ట్యూబులు మారడమంటే మా వృత్తిలో అంతకు మించిన తిట్టు లేదు. నాకు కోపం వచ్చింది. బార్‌కోడ్ చూశాను, రిజిస్టరు చూశాను, మిగిలిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఫ్రిజ్‌లోంచి తీసి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ 0.02. నా ట్యూబు మారలేదు. మరి ఈ అంకె ఎక్కడిది?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఈ హార్మోన్ల కొలత అంటే ఏమిటో తెలియకపోతే ఆ పిల్ల కథ అర్థం కాదు.

మాది అనకాపల్లి కనక బెల్లంతోనే చెప్తాను. ఒక ఎకరం చెరువు, ఆరడుగుల లోతు నీళ్ళు. అందులో ఒక్క బియ్యపు గింజంత బెల్లం ముక్క వేసి చెరువంతా కలిపారు. ఇప్పుడు ఒక చెంచాడు నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇందులో బెల్లం ఎంతుందో చెప్పమన్నారు. మన రక్తంలో ఫ్రీ టీ3, అంటే థైరాయిడ్ ఇంకో హార్మోను, ఉండేది దాదాపు ఆ పాళ్ళలోనే. మిల్లీలీటరుకి మూడు పికోగ్రాముల చుట్టూ. షుగరు అలా కాదు, డెసీలీటరుకి వంద మిల్లీగ్రాములుంటుంది, ఓ రసాయనం కలిపితే రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరిందో చూస్తే సరిపోతుంది. హార్మోనుకి ఏ రంగూ రాదు. దాన్నే గుర్తుపట్టి పట్టుకునేది ఒకటి కావాలి. అదే యాంటీబాడీ.

నేను విశాఖపట్నంలో ఓ ల్యాబులో చేరినప్పుడు ఈ పనంతా ఆర్‌ఐఏ పద్ధతిలో జరిగేది. రేడియో ఇమ్యునో అస్సే. బ్రిట్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళ కిట్లు ముంబయి నుంచి పార్సిల్లో వచ్చేవి. థర్మోకోల్ పెట్టె మీద మూడు రేకుల రేడియేషన్ గుర్తు. లోపల సీసాలో అయోడిన్-125 తగిలించిన హార్మోను. దాని రేడియోధార్మికత అరవై రోజులకి సగమైపోతుంది కాబట్టి కిట్ వచ్చిందంటే చప్పున వాడెయ్యాలి. టీ3, టీ4 లకి అయోడిన్ తగిలించడం తేలికే. పేర్లలోని అంకెలు అయోడిన్ లెక్కే, టీ3లో మూడు పరమాణువులు, టీ4లో నాలుగు.

అసలు కిటుకు పెళ్ళి పంక్తి లాంటిది. వంద విస్తళ్ళే వేశారనుకోండి. అవి యాంటీబాడీలు. చొక్కాకి బ్యాడ్జి పెట్టుకున్న వందమందిని నేనే పంపిస్తాను. వాళ్ళు రేడియోధార్మికత ఉన్నవాళ్ళు. రోగి రక్తంలోంచి వచ్చేవాళ్ళకి బ్యాడ్జీలుండవు, ఎంతమందో తెలియదు. అందరూ ఒక్కసారే పంక్తిలోకి తోసుకొస్తారు. కూచున్నవాళ్ళలో బ్యాడ్జీలు లెక్కపెడితే చాలు. బ్యాడ్జీలు తక్కువ కనపడ్డాయంటే, బ్యాడ్జి లేనివాళ్ళు ఎక్కువమంది వచ్చారన్నమాట. వచ్చినవాళ్ళని ఒక్కరినీ చూడకుండానే లెక్క తేలిపోతుంది. మొదటిసారి ఇది అర్థమైన రోజు హాస్టల్లో రాత్రి నిద్రపట్టలేదు నాకు. ఇంత తెలివి ఎవరికొచ్చిందా అని.

వచ్చింది రోజలిన్ యాలో అనే ఆవిడకీ, సాలమన్ బెర్సన్ అనే ఆయనకీ. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి. ఆవిడ భౌతికశాస్త్రం చదివింది, ఆయన వైద్యుడు. ఆవిడకి మొదట దొరికిన ల్యాబు చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గదట. నిజానికి వాళ్ళు హార్మోను కొలవాలని మొదలుపెట్టలేదు. రేడియోధార్మికత తగిలించిన ఇన్సులిన్ ఎక్కిస్తే, అంతకుముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళ రక్తంలోంచి అది ఆలస్యంగా పోతోంది. ఎందుకు? అప్పట్లో ఇన్సులిన్ ఆవులనుంచీ పందులనుంచీ తీసేవారు, దానికి ఒంట్లో యాంటీబాడీలు పుట్టి పట్టుకుంటున్నాయి అన్నారు వీళ్ళు. ఇన్సులిన్ అంత చిన్న పదార్థానికి యాంటీబాడీలేమిటని 1955లో పత్రికలు కాగితాలు తిప్పికొట్టాయి. చివరికి శీర్షికలోంచి యాంటీబాడీ అన్న మాట తీసేస్తేనే అచ్చయింది. ఆ తిరస్కార ఉత్తరాన్ని ఆవిడ దాచుకుని, 1977లో నోబెల్ వచ్చినప్పుడు ఉపన్యాసంలో చూపించింది. ఆ పట్టుదల నాకు భలే ఇష్టం. బెర్సన్ అప్పటికే, 1972లోనే పోయారు, పోయినవాళ్ళకి నోబెల్ ఇవ్వరు. ఆవిడ తన ల్యాబుకి ఆయన పేరు పెట్టుకుంది. అలా తను రాసే ప్రతి పేపర్ మీదా ఆయన పేరు కూడా పడేది. ఇద్దరూ ఆ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. తీసుకుని ఉంటే విశాఖలో మా గదిదాకా ఆ కిట్ ఏ ధరకి వచ్చేదో!

ఆర్‌ఐఏ గదిలో పని మాత్రం చేతి పనే. ఒక్కో పేషెంటుకి రెండేసి ట్యూబులు, స్టాండర్డ్‌లకి (హార్మోను ఎంతుందో ముందే తెలిసినవి) వేరే, కంట్రోల్స్‌కి వేరే. మైక్రోపిపెట్‌తో వంద మైక్రోలీటర్లు వెయ్యడం, కలపడం, రాత్రంతా ఉంచడం. మర్నాడు సెంట్రిఫ్యూజ్ చేసి, స్టాండుతో సహా అన్ని ట్యూబులూ ఒక్కసారే బోర్లించి టిష్యూ మీద తట్టాలి. గట్టిగా తడితే అడుగున ఆవగింజంత ముద్ద జారిపోతుంది. మెల్లగా తడితే అంచున చుక్క మిగిలిపోతుంది. రెండూ తప్పే. నా చేతికి అది కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాత గామా కౌంటర్లో ఒక్కో ట్యూబుకి ఒక్కో నిమిషం. వచ్చిన లెక్కల్ని గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి, గీత గీసి, ఆ గీత మీంచి పేషెంటు అంకె చదవాలి. యాభై శాంపిళ్ళు పోగయ్యేదాకా కిట్ విప్పేవాళ్ళం కాదు, అందుకే రిపోర్టు కోసం జనం వారం ఆగేవారు. జేబుకి టీఎల్‌డీ బ్యాడ్జి. మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే ఎవరికెంత తగిలిందో లెక్క వచ్చేది. 1996లో నేను కడుపుతో ఉన్నానని చెప్పగానే మా పెద్ద టెక్నీషియన్ నన్ను ఆ గదిలోంచి తీసేసి రక్తకణాల లెక్క దగ్గర కూచోబెట్టారు. మంచికే అయినా నాలుగు రోజులు అలిగాను.

ఆ పాత టీఎస్‌హెచ్ పరీక్షకి ఒక లోటుండేది. ఎక్కువుంటే చెప్పేది, తక్కువుంటే చెప్పలేకపోయేది. 1 దగ్గరికొచ్చేసరికి చూపు ఆనేది కాదు. ఇప్పటి మెషిన్లు 0.01 దాకా చూస్తాయి. అంటే 1993లో అయితే ఆ పిల్లకి 0.02 అని కాగితం ఇవ్వగలిగేదాన్నే కాదు.

ఇప్పుడు రేడియేషన్ లేదు. కెమిలుమినిసెన్స్. లెక్కపెట్టేది వెలుగుని. టీఎస్‌హెచ్ లాంటి పెద్ద హార్మోన్లకి పంక్తి పద్ధతి కాదు, శాండ్‌విచ్ అంటారు గానీ నేను మా కుర్రాళ్ళకి కోడిని పట్టడమని చెప్తాను. ఒకడు రెక్కలు పట్టుకుంటాడు, వాణ్ణి గుంజకి కట్టేసి ఉంచాం. ఇంకొకడు కాళ్ళు పట్టుకుంటాడు, వాడి చేతిలో టార్చిలైటుంది. అప్పుడు పెరడంతా నీళ్ళు కొట్టి కడిగేస్తాం. గుంజకి తగులుకుని ఉన్న లైట్లు ఎన్నో అన్ని కోళ్ళు. ఎక్కువ వెలుగంటే ఎక్కువ హార్మోను. ఇక్కడ గుంజ అంటే ఇనుప ధూళి లాంటి సన్నటి అయస్కాంతపు గుళ్ళు.

ఈ పద్ధతికీ ఓ పిచ్చి ఉంది. కోళ్ళు మరీ లెక్కలేనన్ని వచ్చేశాయనుకోండి. రెక్కలవాడు ఒక కోడిని, కాళ్ళవాడు ఇంకో కోడిని పట్టుకుంటాడు, ఒకే కోడి మీద ఇద్దరూ కలవరు. వెలుగు తగ్గిపోతుంది. మహా ఎక్కువ ఉన్నప్పుడు కొద్దిగానే ఉన్నట్టు చూపిస్తుంది. హుక్ ఎఫెక్ట్ అంటారు. ఓసారి తలనొప్పి, చూపు మసక అని వచ్చినామెకి ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను) ఓ మాదిరిగానే వచ్చింది, ఎమ్మారైలో చూస్తే అది పుట్టే పిట్యూటరీ గ్రంథి మీద పెద్ద గడ్డ. సీరాన్ని వందరెట్లు పలచన చేసి ఎక్కించమన్నారు డాక్టరుగారు. చేస్తే అంకె వేలల్లోకి వెళ్ళిపోయింది. నీళ్ళు కలిపితే చిక్కబడటం ఇక్కడే చూశాను.

సరే, మళ్ళీ పిల్ల దగ్గరికి.

రెక్కలవాణ్ణి గుంజకి కట్టాం అన్నాను కదా, ఏ తాడుతో? చాలా మెషిన్లలో ఆ తాడు బయోటిన్ అనే ఓ బి విటమిన్. యాంటీబాడీకి బయోటిన్ తోక తగిలిస్తారు, గుళ్ళకి స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూస్తారు. ఆ రెండింటికీ ఉన్నంత గట్టి పట్టు జీవపదార్థాల్లో చాలా అరుదు, అందుకే వాడతారు. (పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలో దీని అన్నదమ్ముడు అవిడిన్ ఉంటుంది. రోజూ పచ్చిసొనలు తాగితే బయోటిన్ అంతా అది లాగేసుకుంటుంది. కసరత్తు కుర్రాళ్ళకి చెప్తే వినరు.) ఇప్పుడు పేషెంటు రక్తంలోనే బోలెడు బయోటిన్ ఉందనుకోండి. గుంజలన్నీ ముందే అది ఆక్రమించేస్తుంది. కోడిని సరిగ్గానే పట్టుకున్నా కట్టెయ్యడానికి గుంజ ఖాళీ ఉండదు. నీళ్ళు కొట్టగానే కోడి, టార్చి, మనిషి అన్నీ కొట్టుకుపోతాయి. వెలుగు లేదు. టీఎస్‌హెచ్ లేదు అంటుంది మెషిన్.

ఫ్రీ టీ4 చిన్నది, ఇద్దరు పట్టుకునేంత చోటుండదు. దానికి ఇంకా ఆ పాత పంక్తి లెక్కే. అక్కడ వెలుగు తగ్గిందంటే హార్మోను ఎక్కువుందని అర్థం. కాబట్టి ఒకే బయోటిన్ ఒకదాన్ని కిందికి లాగుతుంది, ఇంకొకదాన్ని పైకి తోస్తుంది. రెండూ కలిపి చూస్తే అచ్చం హైపర్ థైరాయిడ్ బొమ్మ. దొంగ ఏ ఒక్కటో ఎత్తుకుపోతే పట్టుకుంటాం. రెండు చోట్లా లెక్క సరిపోయేలా సర్ది పోతే?

ఇదంతా నాకు తెలియంది కాదు. 2017 నవంబరులో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చి ఒకరు చనిపోయారని కూడా అందులో రాసింది. కిట్ లోపల మడిచిపెట్టే కాగితంలోనూ ఉంటుంది, సన్నక్షరాల్లో. నేను చదివాను. ఓ ట్రైనింగులో కుర్రాళ్ళకి చెప్పాను కూడా. నోటితో చెప్పిన మాట సూది పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు, అంతే.

పిల్లకి ఫోన్ చేశాను. ‘ఏం మందులు వాడుతున్నావమ్మా?’
‘ఏం లేవు ఆంటీ.’
‘ఏమీ లేవా? జ్వరానికీ, గ్యాస్‌కీ, దేనికీ?’
‘ఊహూ.’
‘జుట్టుకి?’
‘జుట్టుకి బిళ్ళలేసుకుంటున్నా. అవి మందులు కావు కదాంటీ, విటమిన్లు.’

ఫొటో పంపమన్నాను. అట్ట మీద ఓ ఆడమనిషి, మోకాళ్ళదాకా జుట్టు. వెనక చిన్నక్షరాల్లో బయోటిన్ పది మిల్లీగ్రాములు. రోజుకి మనకి కావలసింది 30 మైక్రోగ్రాములు. ఇది మూడొందల రెట్లకి పైన. జుట్టు ఊడుతోందని ఎవరో చెబితే మందుల షాపులో కొనుక్కుంది, మూడు వారాల్నుంచీ రోజూ పొద్దున్న వేసుకుంటోంది. ఆ రోజు ఏడున్నరకి బిళ్ళ వేసుకుంది, తొమ్మిదింటికి నా దగ్గర చెయ్యి చాపింది. జుట్టు ఊడుతోందనే కదా థైరాయిడ్ పరీక్ష రాసిందీ. జుట్టు కోసం వేసుకున్న బిళ్ళ, జుట్టు కోసం చేయించుకున్న పరీక్షని చెడగొట్టింది.

బిళ్ళలు ఆపించి నాలుగు రోజులకి మళ్ళీ రక్తం తీశాను. రెండు రోజులాగినా చాలు అంటారు గానీ నాకు ధైర్యం చాల్లేదు. టీఎస్‌హెచ్ 2.3. ఫ్రీ టీ4 1.2. ఆ మధ్యలో వాళ్ళింట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదట. రెండోసారి డబ్బులు తీసుకోలేదు, అదొక్కటే చెయ్యగలిగాను. హైపర్‌కి ఇచ్చే మాత్రలు తేలికవి కావు, కొందరిలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ డాక్టరుగారు నాడి పట్టుకోకుండా కాగితం చూసి రాసేసి ఉంటే! కొన్ని కంపెనీలు ఇప్పుడు బయోటిన్‌ని తట్టుకునేలా కిట్లు మార్చాయి. మా మెషిన్ మీద కొన్నింటికి మారాయి, కొన్నింటికి పాతవే నడుస్తున్నాయి.

ఇంతకీ జనం ఫోన్ చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. ‘పరగడుపున రావాలా?’ షుగరు నేర్పిన అలవాటది. థైరాయిడ్‌కి పరగడుపు అంత ముఖ్యం కాదు, వేళ ముఖ్యం. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక ఎక్కువుండి, పగలు దిగుతుంది. పోయినసారి పొద్దున్న ఇస్తే ఈసారీ పొద్దున్నే ఇవ్వాలి. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే రక్తం ఇచ్చాక వేసుకోవాలి, లేకపోతే ఆ కాసిన్ని గంటలూ ఫ్రీ టీ4 ఎగిరి కూచుంటుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఇంకా మొండిది, పొద్దున్న ఎనిమిదింటికి ఒక లెక్క, సాయంత్రం నాలుగింటికి దాదాపు సగం. ప్రొలాక్టిన్‌కి సూదంటే భయపడ్డా పెరుగుతుంది, అందుకే మెట్లెక్కి రొప్పుతూ వచ్చినామెని పావుగంట ఫ్యాన్ కింద కూచోబెడతాను. ‘సూది గుచ్చడానికి ఇంత మర్యాదేటి’ అని నవ్వుతారు.

అన్నిటికన్నా ఇబ్బంది ప్రొజెస్టిరాన్, అండం విడుదలైందో లేదో చెప్పే హార్మోను. చీటీ మీద 21వ రోజు అని రాసేస్తారు. 28 రోజులకి నెలసరి వచ్చేవాళ్ళకి అది సరే. 35 రోజులకొచ్చే అమ్మాయికి 21వ రోజున అండమే విడుదలై ఉండదు, అంకె తక్కువొస్తుంది, ఇంట్లో ఏడుపులు. వచ్చే నెలసరికి ఏడు రోజుల ముందు అని లెక్క కట్టాలి. అందుకని ‘ఎన్ని రోజులకొస్తుందమ్మా?’ అని అడుగుతాను. పక్కన అత్తగారుంటే ఆవిడే జవాబు చెప్తుంది, ఆ జవాబు ఎప్పుడూ ‘కరెక్టుగా నెలకే’. అందుకే సూది గది తలుపు వేసి మళ్ళీ అడుగుతాను.

ఇంకో గొడవ రెండు ల్యాబుల గొడవ. ‘మీ దగ్గర 4.8 వచ్చింది, అక్కడ 5.3 వచ్చింది, ఎవరిది తప్పు?’ అని రెండు కాగితాలూ పట్టుకొస్తారు. ఎవరిదీ తప్పు కాదు. ఒకే మనిషికి ఒకే ల్యాబులో వారం తేడాతో చేసినా టీఎస్‌హెచ్ ఇరవై శాతం అటూ ఇటూ ఆడటం మామూలే. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చాక ఆరు వారాలైనా ఆగాలి, పదిరోజులకే వచ్చి ‘తగ్గలేదేటి’ అంటే డబ్బు దండగ. ఈ మాట చెప్తే మా యజమానికి కోపం వస్తుంది గానీ చెప్తూనే ఉంటాను.

ఇక మా వైపు జాగ్రత్తల సంగతి. ఏసీటీహెచ్ అనే పిట్యూటరీ హార్మోనుకి ఊదా మూత ట్యూబు, దాన్ని ఐసులో ముంచి పరిగెత్తాలి. ఇన్సులిన్‌కి రక్తకణాలు పగలకూడదు, పగిలితే అందులోంచి వచ్చే ఎంజైమ్ ఇన్సులిన్‌ని తినేస్తుంది. సీరం గులాబీరంగులో కనిపిస్తే పారబోసి మళ్ళీ తీయాలి, పేషెంటు తిట్టినా సరే. రోజూ పొద్దున్న పేషెంట్లకంటే ముందు కంట్రోల్స్. పొడిగా వస్తాయి, అయిదు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కొలిచి పోసి, నురగ రాకుండా సీసాని అరచేతుల మధ్య దొర్లించాలి, కుదపకూడదు. ఆ చుక్కలు చార్టు మీద గీతల మధ్య పడితేనే మెషిన్ మాట నమ్ముతాం. నెలకోసారి వెల్లూరు సీఎంసీ నుంచి అంకె తెలియని శాంపిలు వస్తుంది, అది మాకు పరీక్ష. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన కిట్లు. జనరేటర్‌కి డీజిల్ కోసం క్యూలో నిలబడి, ఐసు దొరక్క, మూడోరోజు ఫ్రిజ్ తెరిచి థర్మామీటరు చూస్తే 19. అన్నీ తీసి పారేశాం. కొందరు అలాంటివి వాడేశారని ఆనోటా ఈనోటా విన్నాను. అంకె వస్తుంది మరి. చెడిపోయిన కిట్ కూడా ఏదో ఒక అంకె ఇస్తుంది.

జుట్టు బిళ్ళ సంగతి తరవాత రక్తం తీసే కుర్చీకి ఎదురుగా గోడ మీద అట్టముక్క అంటించాను, నా చేతిరాతతోనే. ‘జుట్టుకి, గోళ్ళకి, చర్మానికి బిళ్ళలు వేసుకుంటున్నారా? ముందే చెప్పండి.’ చదివేవాళ్ళు తక్కువ కాబట్టి నోటితోనూ అడుగుతాను, అందరినీ, వరసగా.

మొన్న శుక్రవారం ఓ పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటాయి, థైరాయిడ్ రాశారు. అలవాటుగా అడిగేశాను, ‘జుట్టుకి బిళ్ళలేమైనా వేసుకుంటున్నారా బాబాయ్?’ ఆయన తల మీది తువ్వాలు తీశారు. నున్నగా మెరిసిపోతోంది. ‘ఏటమ్మా, ఎటకారమా?’ అన్నారు. వెనక బెంచీ మీద వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి, టోర్నికే కట్టాను.

‘గోళ్ళకైతే ఏసుకుంటన్నాను’ అన్నారు మెల్లగా. ‘మా పెద్దమ్మాయి అమెరికా నుంచి తెచ్చింది. ఇరిగిపోతన్నాయని. జీడీల్లాగ తియ్యగుంటాయి, రోజుకి రెండు.’

టోర్నికే విప్పేశాను. సోమవారం రండి బాబాయ్, అప్పటిదాకా జీడీలు తినకండి అన్నాను.